యాడికి అనరాదు

మా రైల్వే స్టేషను ముందర టాక్సీ ఎక్కేవాళ్లు ఎక్కడికి పోవాలో చెప్పకూడదు. నడిపేవాళ్లు అడగకూడదు. ఈ సంగతి చెబితే బయటి ఊళ్లవాళ్లు నవ్వుతారు. వాళ్లంతా బస్సులో వచ్చినవాళ్లు. రైలు దిగి ఉంటే నవ్వేవాళ్లు కాదు.

దీనికంతటికీ మూలం వన్నూరప్ప. స్టాండులో నా కారు పక్కనే ఆయన కారు. ఆయన చేసిన తప్పల్లా రేకుల నీడ అడగడం.

మా సీమ ఎండ సంగతి తెలిసిందే. స్టేషను ముందర ఉన్నది ఒక్క వేపచెట్టు. రైలు దిగినవాళ్లు మా కార్ల దాకా వచ్చి, తలుపు మీద చెయ్యి వేసి, చెయ్యి కాలి, ఆటోల వైపు పోయేవాళ్లు. ఫోనులో కారు పిలుచుకునేవాళ్లు మా వైపు చూసేవాళ్లే కాదు. వన్నూరప్పకు కంపెనీ లేదు, ఫోనులో బొమ్మ లేదు. పాత తెల్ల కారు, గొంతు, ఈ రెండే ఆస్తి. రైలు రాగానే గేటు దగ్గర నిలబడి "యాడికీ... యాడికీ..." అని కేకేస్తే ఇంజను డ్రైవరు కూడా తిరిగి చూసేవాడు.

ఆ కేకకు జవాబు చెప్పే మనిషి ఒకామె ఉంది. హనుమక్క అని, చింతపండు అమ్ముకునే ముసలామె. సంత రోజున రైల్లో వచ్చి, బుట్ట ఖాళీ చేసుకుని, తిరుగు రైలు దొరక్కపోతే వన్నూరప్ప కారులో నలుగురితో కలిసి ఇంటికి పోయేది. ఆమె ఊరు యాడికి. అవును, ఊరి పేరే అది.

"యాడికీ?" అని ఆయన అరిచేవాడు.

"యాడికే!" అని ఆమె అరిచేది.

ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. ఆ నవ్వు ఎన్నేళ్లయినా పాతబడలేదు. మాకే పాతబడింది.

బాడుగలు బొత్తిగా తగ్గాక వన్నూరప్ప ఒక సోమవారం జిల్లా ఆఫీసుకు పోయి అర్జీ ఇచ్చి వచ్చాడు. "మా స్టాండులో బాడుగలు పెరగల్లంటే రేకుల నీడ కావల్ల" అని ఒక్క వాక్యం. అక్కడ దొరలకు బోలెడు అర్జీలు. సగం వాక్యమే చదివారు. బాడుగలు పెరగాలంటే. ఏం చెయ్యాలి? చిన్న ప్రశ్న కాదు. ప్రశ్న పెద్దదైతే దానికి ఒక ఆఫీసు కావాలి.

అట్లా మా స్టేషను ఎదురుగా, వాడకంలో లేని నీళ్ల పంపు గదికి సున్నం కొట్టి, 'ప్రాంతీయ ప్రయాణికాకర్షణ కేంద్రం' అని బోర్డు పెట్టారు. కేంద్రానికి ఒక జీపు వచ్చింది. జీపు ఎండలో ఉంటే రంగు పోతుందని వేపచెట్టు కింద నిలిపి చుట్టూ ఇనుప కంచె వేశారు. ఉన్న నీడ అట్లా పోయింది.

కేంద్రానికి అధికారి వామనమూర్తి. కోస్తా మనిషి, పొట్టి, చేతిలో ఎప్పుడూ తడి రుమాలు. వచ్చిన రోజు నుంచి గేటు పక్క బల్ల మీద కూర్చుని మమ్మల్ని గమనించాడు. మాట్లాడించలేదు. మాట్లాడిస్తే పరిశోధన చెడుతుందట. ఆ తర్వాత మా అందరినీ ఎండలో కూర్చోబెట్టి ఫలితం చెప్పాడు.

"చోదక సోదరులారా! ప్రయాణికుడు మీకు ఎందుకు దూరమవుతున్నాడు? మీ వాహనం వల్ల కాదు. మీ ముఖం వల్ల కూడా పూర్తిగా కాదు. రైలు దిగిన ప్రయాణికుడి చెవిలో మీరు వేస్తున్న ప్రథమ వాక్కు ఏమిటి?"

జవాబు కూడా ఆయనే చెప్పాడు.

"యాడికి! పనిమీద బయలుదేరిన మనిషిని ఎక్కడికి అని అడగరాదన్నది మన తాతముత్తాతల ఆచారం కాదా? అడిగితే పని చెడదా? మీ ఇంట్లో మీరు అడుగుతారా?"

నిజమే, ఇంట్లో అడగం. మా అమ్మ అయితే అడిగినవాణ్ని తిట్టి, ఇంట్లోకి తిరిగివచ్చి కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయలుదేరేది. ఈ మనిషి మాట్లాడింది మా అమ్మ మాటే అయ్యేసరికి మాకు ఎదురు చెప్పడం కుదరలేదు.

వన్నూరప్ప మాత్రం లేచాడు. "అడక్కుంటే యాడికి తీసకపోవల్ల సామీ?"

"చూశారా! మళ్లీ!" అని వామనమూర్తి రుమాలుతో చెవి తుడుచుకున్నాడు. "ఆ పదం ఈ క్షణం నుంచి నిషిద్ధం. యాడికి, ఎక్కడికి, ఎందాకా, ఏ ఊరికి వగైరా గమ్యసంబంధ ప్రశ్నలన్నీ రద్దు. 'దూరమా?' అని మాత్రం అడగవచ్చు. అది మర్యాద."

"దూరమే అంటే?"

"దూరం తీసుకుపోండి. చోదకుడు అన్నాక ఆ మాత్రం ఊహ ఉండాలి. ప్రయాణికుడి సామాను చూడండి, ముఖం చూడండి. గమ్యం మీకే తోస్తుంది. దీనినే గమ్యోహ అంటారు."

అనేవాళ్లు ఎవరో మాకు తెలియదు. ఊహించడం నేర్చుకున్నవాళ్లకు నవ్వుముఖం బొమ్మ ఉన్న పచ్చ బిళ్ల ఒకటి అద్దానికి అతికిస్తారు. బిళ్ల ఉంటే గేటు ముందర చోటు. లేకుంటే వెనక గూడ్సు షెడ్డు దగ్గరికి పోవాలి. అక్కడ రైలు దిగేవి సిమెంటు మూటలే.

ఆ మధ్యాహ్నం వన్నూరప్ప నాతో అన్నాడు. "గేటు పోతే ఇంక కారు అమ్ముకోవల్సిందే ఓబులేసూ. నాకు ఇంకో పని రాదు. నోరు మూసుకుంటా, ఏమవుతాదో చూద్దాం."

నోరు మూసుకోవడం ఆయనకు ఎంత కష్టమో నాకు తెలుసు. నిషిద్ధ పదం ఎవరైనా పలుకుతున్నారేమో కనిపెట్టడానికి తిప్పయ్య అనే మనిషిని పెట్టారు. మునిసిపాలిటీ పార్కులో పిల్లలు గడ్డి తొక్కకుండా విజిల్ ఊదే మనిషి. గడ్డి చచ్చిపోయాక ఖాళీగా ఉన్నాడు. అదే విజిలుతో వచ్చాడు.

మొదటి వారం వన్నూరప్పకు ఒక బాడుగ తగిలింది. తెల్ల చొక్కా, దువ్విన తల, చేతిలో ఎక్స్‌రే కవరు. ముఖం పాలిపోయి ఉంది.

"దూరమా సామీ?"

"దూరమేం కాదు."

వన్నూరప్ప కవరు చూశాడు, ముఖం చూశాడు, నేరుగా పెద్దాసుపత్రి మెట్ల దగ్గర దించాడు. ఆ మనిషి పెళ్లిచూపులకు వచ్చినవాడు. జాతకం మడత పడకుండా ఎక్స్‌రే కవరులో పెట్టుకున్నాడు. పాలిపోయింది భయంతో. సిగ్గరి గనుక ఏమీ అనలేక మెట్లెక్కాడు. లోపల వాళ్లు పడుకోబెట్టి సెలైను పెట్టారు. అక్కడ కూడా ఎవరూ ఏమీ అడగలేదు.

ఈ సంగతి వామనమూర్తికి తెలిసి సంతోషించాడు. "ప్రయాణికుడు ఫిర్యాదు చేశాడా? లేదు. పైగా విశ్రాంతి పొందాడు." వన్నూరప్ప కారుకు పచ్చ బిళ్ల అతికించారు.

తెలివైనవాళ్లు కొందరు మేం అడగకముందే చెప్పేయడం మొదలుపెట్టారు. "గుత్తి రోడ్డులో మిల్లు దగ్గరికి" అని వాళ్లంతట వాళ్లే ఎక్కి కూర్చునేవాళ్లు. బతికిపోయాం అనుకున్నాం. తిప్పయ్య దీన్ని పైకి చేరవేశాడు. వెంటనే రెండో ఉత్తర్వు వచ్చింది. వామనమూర్తి దాన్ని చదివి వినిపించాడు.

"ప్రశ్న లేకుండా వచ్చిన జవాబు, అడగని ప్రశ్నను శ్రోత మనస్సులో ధ్వనింపజేయును. కావున ప్రయాణికులు సైతం గమ్యమును వెల్లడించరాదు."

"చెప్పగూడదు, అడగగూడదు. మరి దేనికి ఎక్కేది సామీ కారు?" అని వన్నూరప్ప.

"ఆకర్షణకు లోనై."

ఆ సంత రోజున హనుమక్క వచ్చింది. ఖాళీ బుట్ట చంకన పెట్టుకుని ఎప్పటిలాగే గేటు దగ్గర ఆగి చూసింది. కేక లేదు. వన్నూరప్ప పెదవులు బిగించుకుని తల వంచుకున్నాడు.

"ఏమప్పా, గొంతు పోయిందా? ఉప్పునీళ్లు పుక్కిలించకూడదా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"సరేలే, నేనే అంటా. యాడికి!"

విజిల్ మోగింది. తిప్పయ్య పరిగెత్తుకొచ్చాడు.

"అవ్వా, ఆ మాట అనగూడదు."

"ఏ మాట?"

"నువ్వు అన్న మాట."

"మా ఊరి పేరు నాయనా అది. నేను పుట్టకముందు నుంచి ఉండాది. నువ్వేమో నిన్నో మొన్నో పుట్టినావు."

"ఊరి పేరైనా సరే, వినడానికి ప్రశ్న మాదిరి ఉండాది గదా."

"నీ మొహం కూడా వినడానికి బాగనే ఉండాది" అంది హనుమక్క.

విజిల్ మళ్లీ మోగింది. ఎందుకు మోగిందో తిప్పయ్యకే తెలియలేదు. వామనమూర్తి బయటికి వచ్చి అన్నీ విన్నాడు. ఇది తన స్థాయిలో తేలే విషయం కాదనీ, పైకి రాస్తాననీ, అందాకా ఆమె మరో ఊరికి వెళ్లడం మంచిదనీ చెప్పాడు.

"మరో ఊర్లో నా ఇల్లు ల్యాదే" అంది ఆమె.

ఆమె బస్టాండు దాకా నడిచిపోయింది. వన్నూరప్ప చూస్తూ నిలబడ్డాడు.

పైనుంచి జవాబు త్వరగానే వచ్చింది. ఆ ఊరి పేరు పూర్తిగా మార్చాలంటే చాలా కాలం పడుతుంది గనుక, తదుపరి ఉత్తర్వుల వరకు దానిని 'ప్రస్తావిత గ్రామం' అని వ్యవహరించాలట. టౌను చివర నాలుగు రోడ్ల కూడలిలో దారి చూపే బోర్డు మీద ఆ పేరు ఉన్నచోట తెల్లరంగు పూశారు. పూసే మనిషికి ఉత్సాహం ఎక్కువై మిగతా మూడు పేర్లు కూడా పూసేశాడు. బోర్డు మాత్రం బాగుంది. ఎండకు తళతళలాడుతుంది.

ఇంత జరిగాక బాడుగలు ఏమయ్యాయో వేరే చెప్పాలా? రైలు దిగినవాళ్లు మా పచ్చ బిళ్లలు చూసి రోడ్డు దాటి పోయేవాళ్లు. కార్ల బానెట్ల మీద వేపాకులు ఎండేవి. వన్నూరప్ప ఉన్నట్టుండి నోరు తెరిచి, తిప్పయ్యను చూసి, ఆవులించినట్టు నటించి మూసుకునేవాడు.

మనుషులు రాని చోట ఫిర్యాదులు ఎక్కణ్నుంచి వస్తాయి? ఒక్క ఫిర్యాదు కూడా లేని స్టాండు రాష్ట్రంలో మాదే అని తేలింది. దానికి బహుమతి ఇచ్చే సభ ప్రస్తావిత గ్రామంలోనే పెట్టారు. ఊరివాళ్లు పేరు విషయంలో కొంచెం గుర్రుగా ఉన్నారట, సభ చూస్తే చల్లబడతారని. రాజధాని నుంచి ఈ కేంద్రానికి పైఅధికారి అయిన కమిషనరు స్వయంగా రైల్లో వచ్చి, మా స్టాండులోనే టాక్సీ ఎక్కి, మామూలు ప్రయాణికుడిలా సభకు చేరుకుంటాడు. అదే పరీక్ష.

పరీక్షకు వన్నూరప్ప కారు ఎన్నికైంది. సెలైను మనిషి పుణ్యం.

"సామీ, సభ యాడనో ముందే మాకు తెలుసు గదా. ఊరికే పోయి దించుతా" అని వన్నూరప్ప ఒకసారి అడిగి చూశాడు.

"తెలిసినా తెలియనట్టే ఉండాలి. సామాను చూసి మాత్రమే ఊహించాలి. లేకపోతే అది మోసం. మోసం జరిగితే బిళ్ల పోతుంది" అన్నాడు వామనమూర్తి.

కమిషనరు దిగాడు. భారీ మనిషి. వెంట ఒక బుట్టలో గులాబీల దండ, జరీ శాలువా, కొత్త తెల్లబట్ట చుట్టిన జ్ఞాపిక. వామనమూర్తి ముందు సీట్లో, కమిషనరు వెనక సీట్లో. మిగిలిన సామాను, విజిల్‌తో సహా తిప్పయ్య నా కారులో. వన్నూరప్ప వెనకాలే పొమ్మన్నారు. ఆయన ఆపినచోటల్లా నేనూ పక్కనే ఆపాను, రెండు కార్ల అద్దాలూ దించే ఉన్నాయి గనుక మాటలన్నీ వినబడుతూనే ఉన్నాయి. వన్నూరప్ప గొంతు సంగతి చెప్పాను గదా.

"దూరమా సామీ?"

"దూరమే" అన్నాడు కమిషనరు, పరీక్ష పెట్టేవాళ్ల నవ్వుతో.

"శానా దూరమా?"

"మోస్తరు."

వన్నూరప్ప వెనక్కి తిరిగి సామాను చూశాడు. దండ. జరీ శాలువా. కొత్తబట్ట. కారు తీసి కల్యాణమండపం ముందర ఆపాడు. తలుపులకు తాళం. ఆ నెలలో ముహూర్తాలు లేవు.

"ఊహూఁ" అన్నాడు కమిషనరు. నవ్వు కొంచెం తగ్గింది.

అక్కణ్నుంచి కూడలికి వచ్చాం. తెల్లబోర్డు తళతళలాడుతోంది. వన్నూరప్ప కారు ఆపి బోర్డు చూశాడు, నాలుగు దార్లు చూశాడు, దండ చూశాడు, కొత్తబట్ట చూశాడు. ఎండ మండిపోతోంది. కమిషనరు వాచీ చూసుకున్నాడు, వామనమూర్తి రుమాలు పిండుకున్నాడు. వన్నూరప్ప ముఖంలో ఏదో తోచినట్టు వెలుగొచ్చింది. కారు ఎడమకు తిప్పాడు. నాకు అప్పుడే అర్థమైంది. దండా, శాలువా, కొత్తబట్టా పట్టుకున్న మనిషి పెళ్లికి పోవడం లేదంటే మిగిలింది ఒకటే చోటు.

శ్మశానం గేటు ముందర కారు ఆగింది. వన్నూరప్ప దిగి, చెప్పులు విప్పి, మర్యాదగా వెనక తలుపు తీశాడు.

"దగ్గరి మనిషేనా సామీ?" అని అడిగాడు మెల్లగా.

కమిషనరు ముందు సమాధులు చూశాడు. తర్వాత తన చేతిలో దండ చూసుకున్నాడు. తర్వాత లేచిన గొంతు శ్మశానంలోనే కాకుండా పక్క చేన్లలో కూడా వినబడింది.

"ఎక్కడికయ్యా తీసుకొచ్చావ్! ఎక్కడికి! అసలు మనం ఎక్కడికి పోవాలి, నువ్వు ఎక్కడికి తెచ్చావ్?"

నా పక్కనుంచి విజిల్ మోగింది.

తిప్పయ్యను తప్పు పట్టలేం. ఆ మాట వినబడితే ఊదమన్నారు, ఊదాడు. ఎన్నిసార్లు వినబడితే అన్నిసార్లు ఊదాడు. చివరిది బాగా పొడుగ్గా.

వన్నూరప్ప రెండు చేతులూ పైకెత్తాడు.

"సామీ, నేను గాదు. ఈయప్పనే అడిగినాడు. మీరంతా విన్నారు గదా. ఓబులేసూ, నువ్వు విన్నావు గదా?"

నేను విన్నానని తల ఊపాను. వన్నూరప్ప కోసం నేను చేసిన సాయం అంతే.

మర్నాడు విచారణ జరిగింది. నిషిద్ధ పదం పలకబడింది, అది నిజం. విజిల్ మోగింది, అదీ నిజం. కమిషనరుగారు నియమాన్ని ఉల్లంఘించడం మాత్రం జరగదు, ఎందుకంటే ఆ నియమం ఆయన సంతకంతో వచ్చిందే. కాబట్టి మిగిలింది వాహనం. ప్రశ్న ఏ వాహనం వల్ల పుట్టిందో ఆ వాహనమే బాధ్యురాలని వామనమూర్తి తేల్చాడు. కారు అద్దం మీద పచ్చ బిళ్లను తిప్పయ్య గోరుతో గీకాడు. పూర్తిగా రాలేదు. నవ్వుముఖంలో నోరు ఒక్కటే మిగిలింది.

వన్నూరప్ప కారును గూడ్సు షెడ్డు వెనక్కి తోసుకుపోయాడు. స్టార్టు చెయ్యడానికి మనసు రాలేదట. నేను కూడా ఒక చెయ్యి వేశాను.

అక్కడికి పోయాక ఇద్దరం ఆగిపోయాం. గూడ్సు షెడ్డుకు పొడుగాటి రేకుల వసారా ఉంది. సిమెంటు మూటలు తడవకుండా ఎప్పుడో వేసింది. దాని కింద నాలుగు కార్లకు సరిపడా నీడ. గాలి కూడా వస్తోంది.

వన్నూరప్ప తల ఎత్తి రేకులు చూశాడు. "నేను అడిగింది ఇదే గదా ఓబులేసూ" అన్నాడు.

ఆకర్షణ కేంద్రం హద్దు గేటుతో సరి. గూడ్సు షెడ్డు దగ్గర బిళ్ల లేదు, ఊహ లేదు. సాయంత్రం పాసింజరు వచ్చింది. వన్నూరప్ప గొంతు సవరించుకున్నాడు. ఇన్నాళ్లూ లోపలే దాచుకున్నదంతా ఒక్కసారిగా బయటికొచ్చింది.

"యాడికీ... యాడికీ..."

ప్లాట్‌ఫారం మీద జనం ఆగిపోయారు. ఆ మాట వాళ్లు విని ఎంతో కాలమైంది. ఎక్కడికి పోవాలో ఒక మనిషి అడుగుతున్నాడు, చెబితే తీసుకుపోతాడు. పట్టాలు దాటి, సిమెంటు మూటల సందుల్లోంచి వచ్చారు. శకునం సంగతి ఒక్కరూ ఎత్తలేదు. అందరికంటే ముందు వచ్చింది ఖాళీ బుట్ట చంకన పెట్టుకున్న హనుమక్క.

"యాడికే!" అని అరిచింది. ఈసారి నాక్కూడా నవ్వొచ్చింది.

వారం తిరగకముందే నా బిళ్ల నేనే గీక్కుని అక్కడికి పోయాను. మిగతావాళ్లూ ఒక్కొక్కరే వచ్చారు. వన్నూరప్పకు జిల్లా ఆఫీసు నుంచి కార్డు కూడా వచ్చింది. 'తమరు కోరిన నీడ తమకు కల్పించబడినది. అర్జీ పరిష్కృతము.' కేంద్రం ఖాతాలో అదీ ఒక విజయమే. కూడలిలో తెల్లబోర్డు ఇంకా అట్లాగే ఉంది.

ఒకనాడు వామనమూర్తి గూడ్సు షెడ్డు వైపు నడిచి వచ్చాడు. చంకలో కొత్త పేరు ఉత్తర్వు ఉన్న పెద్ద కవరు. దాన్ని ప్రస్తావిత గ్రామం పంచాయతీకి స్వయంగా ఇచ్చి రావాలట. కంచెలో జీపు స్టార్టు కాలేదు. వచ్చినప్పటి నుంచి నీడ దాటి కదిలితే గదా. గేటు ముందర టాక్సీ ఒక్కటీ లేదు.

వన్నూరప్ప కారు తలుపు తీసి పట్టుకున్నాడు. కోపం ఏమీ కనబడలేదు. బాడుగ బాడుగే.

"యాడికి సామీ?"

వామనమూర్తి అలవాటు ప్రకారం తిప్పయ్య కోసం చూశాడు. తిప్పయ్య మా రేకుల కిందే మూట మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. నీడ ఉన్నచోటే డ్యూటీ అని ఎప్పుడో ఇటు వచ్చేశాడు.

వామనమూర్తి రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. "యాడికి" అన్నాడు లోగొంతుతో.

తిప్పయ్య ఠక్కున లేచి విజిల్ నోట్లో పెట్టుకున్నాడు. ఊదలేదు. ఏదో అనుమానం వచ్చి మళ్లీ తీశాడు.

"సామీ, ఇది ప్రశ్ననా, జవాబా? ఊదల్లనా వద్దా?"

వామనమూర్తి కారెక్కి కూర్చుని ఆలోచనలో పడ్డాడు. ఈలోగా వన్నూరప్ప కారు తీశాడు.